కోనాం లివర్ మీద చుట్టుకున్న తెల్ల పురుగులు, కండలో తెల్ల గింజలు. ఇవేంటి? తినొచ్చా?

పులుసు_ప్రియ (గాజువాక)

నమస్కారం అండి. ఆదివారం పొద్దున్నే మావారు ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లి రెండున్నర కిలోల కోనాం తెచ్చారు. చేపలు కోసే ఆడవాళ్ల దగ్గర జనం బాగా ఉన్నారని, కోయించకుండానే సంచిలో వేయించుకుని వచ్చేశారు. ఇంట్లో నేనే పొట్ట కోశాను. లివర్ మీద సన్నటి తెల్ల పురుగులు కనిపించాయి. ఒక్కొక్కటీ గుండ్రంగా చుట్ట చుట్టుకుని ఉంది. గోరుతో గీకితే ఊడి రాలేదు, పైన పల్చటి పొర కప్పి ఉంది. తర్వాత ముక్కలు కోస్తుంటే వెన్ను వైపు కండలో కూడా బియ్యపు గింజంత తెల్లవి రెండు మూడు కనిపించాయి.

మా అత్తగారేమో "సముద్రం చేపకి ఇవి మామూలే, తీసేసి వండు" అంటున్నారు. మావారు మొత్తం పారేయమంటున్నారు. ముక్కలు ప్రస్తుతం ఫ్రిజ్‌లో ఉన్నాయి. ఫోన్‌లో వీడియోలు చూస్తే ఈ పురుగు మనిషి కడుపు గోడలోకి దూరుతుందని ఒకాయన చెప్తున్నాడు. అప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది. ఎందుకంటే పోయిన వారం కూడా అక్కడి చేపే తెచ్చి వేపుడు చేశాను, మా ఆరేళ్ల పాప ఇష్టంగా తింది. పాపకి నులిపురుగుల మాత్ర వేయాలా? డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లాలా? తెలిసినవాళ్లు చెప్పండి.

కత్తిపీట (భీమిలి)

అక్కా, మా అమ్మా నేనూ మార్కెట్లో చేపలు కోస్తాం. సావళ్లలో, కోనాంలో, పెద్ద పారల్లో ఇవి మాకు తరచూ కనిపిస్తాయి. అంతమాత్రాన చేప పాడైందని కాదు. పాడైన చేపకి మొప్పలు ఎరుపు పోయి మట్టిరంగుకి తిరుగుతాయి, కన్ను లోపలికి పోతుంది, పొట్ట మెత్తబడిపోతుంది. ఈ పురుగులు చేప బతికున్నప్పటి నుంచీ దాంట్లో ఉన్నవే.

మేమైతే పేగులూ లివరూ పూర్తిగా తీసేసి, పొట్ట లోపలి నల్ల పొరను గీకేస్తాం. కింది పల్చటి కండలో చుట్టలు ఎక్కువగా ఉంటే ఆ పీలికను కోసి పారేస్తాం. వండితే ఏమీ కాదని మా అమ్మ అంటుంది. నేనూ చిన్నప్పటి నుంచీ తింటున్నాను. కానీ వాటి పేరేంటో, ఎక్కడి నుంచి వస్తాయో నాకు తెలీదు. బొంత చేప జనలో ఎర్రటి పొడుగు పురుగులు కూడా వస్తాయి, వాటిని చూసి కొనేవాళ్లు బేరం వదిలేసి వెళ్లిపోతారు. అవేంటో కూడా ఎవరైనా చెప్తే బాగుంటుంది.

జువాలజీ_మేడమ్ (విశాఖపట్నం)

ముందు పాప సంగతి. బాగా వేగిన ముక్క తింది కాబట్టి ఈ పురుగుల వల్ల పాపకి ఏ ఇబ్బందీ రాదు. దీనికోసం ఆల్బెండజోల్ (నులిపురుగుల మాత్ర) వేయక్కర్లేదు, డాక్టర్ దగ్గరకు పరిగెత్తక్కర్లేదు. బడిలో ఫిబ్రవరి 10న పిల్లలకు వేసే మాత్ర ఏలికపాములు, కొంకిపురుగుల లాంటి వాటికి. అవి మట్టి నుంచి వస్తాయి. చేపలోని పురుగులకూ వాటికీ సంబంధం లేదు. ఆ మాత్ర మాత్రం మానకుండా వేయించండి.

నేను కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరయ్యాను. పరిశోధన చేసే రోజుల్లో తెల్లవారుజామునే హార్బర్‌కి వెళ్లి, బోట్లు దిగుతుండగా చేపలు కొని, ల్యాబ్‌లో వాటి పేగులు విప్పి చూడటమే నా పని. విశాఖ తీరం ఈ చదువుకు పేరున్న చోటు. ఆంధ్రా యూనివర్సిటీలో ప్రొఫెసర్ ఆర్. మాధవి లాంటివారు మన సముద్రం చేపల్లోని పరాన్నజీవుల మీద దశాబ్దాల పాటు పనిచేశారు. మన కూరచేపలో ఏ పురుగు ఉంటుందో చెప్పగలిగే విద్య మన ఊళ్లోనే ఉంది. అది మార్కెట్ దాకా, వంటింటి దాకా రాలేదన్నదే నా బాధ. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

చాలామంది పురుగు ఫొటో ఒక్కటి పెట్టి ఇదేంటని అడుగుతారు. నేను మొదట అడిగేది పురుగు గురించి కాదు, అది చేపలో ఎక్కడ ఉందని. పేగు లోపలా, పేగు బయటా, లివర్ మీదా, జనలోనా, కండలోనా, మొప్పల్లోనా? ఇది చెప్తే సగం పని అయిపోయినట్టే. మీరు అది రాశారు, సంతోషం. ఇప్పుడు ఇంకో నాలుగు సంగతులు కావాలి.

లివర్ మీది పురుగును పొర చీల్చి, తెగకుండా సూదితో బయటికి తీయండి. గోరువెచ్చటి నీళ్లలో కొంచెం ఉప్పు కలిపి తెల్ల గిన్నెలో వేయండి. బతికుంటే చుట్ట విప్పుకుని కదులుతుంది. పక్కన స్కేలు పెట్టి పొడవు చూడండి. రెండు కొసలూ సన్నబడి ఉన్నాయా, ఒంటి మీద గీతలు, అతుకులు ఏమైనా ఉన్నాయా చూడండి. కండలోని గింజను కూడా సూదితో మెల్లగా చీల్చి లోపల ఏముందో రాయండి. పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోండి. అంతకుమించి భయపడాల్సింది లేదు.

ఒక్క విషయం మాత్రం అందరికీ. కోనాం, కానాగంత, సావిడి చేపల్లో జీర్ణాశయం పక్కనే తెల్లటి సన్న గొట్టాలు గుత్తిగా ఉంటాయి. అవి పురుగులు కావు, చేప పేగుకు పుట్టిన సంచులే, తిండి అరగడానికి సాయపడతాయి. ఒక కొస పేగుకు అతుక్కుని ఉంటే, అన్నీ ఒకే చోట ఒకే పొడవున ఉంటే అవి అవయవాలే. పురుగులని భయపడి పంపే ఫొటోల్లో నాకు ఇవే ఎక్కువగా వస్తాయి.

పులుసు_ప్రియ (గాజువాక)

మేడమ్, పాప గురించి చెప్పినందుకు చాలా థాంక్స్. మీరు చెప్పినట్టే చేశాను. లివర్ మీదది నీళ్లలో వేయగానే మెల్లగా విప్పుకుని మెలికలు తిరిగింది! సాగదీస్తే రెండు సెంటీమీటర్ల పైన ఉంది. గుండ్రంగా, నున్నగా ఉంది, రెండు కొసలూ సన్నగా ఉన్నాయి. గీతలేమీ కనిపించలేదు. లోపల ఒక చోట కొంచెం చిక్కటి తెలుపు కనిపించింది.

కండలోది వేరేలా ఉంది. గింజ ఒక చివర లావుగా, ఇంకో చివర సన్నటి తోకలా ఉంది. చీల్చితే లోపలి నుంచి చిన్న తెల్లటి జీవి వచ్చింది, మెత్తగా, చదునుగా ఉంది. తల వైపు లోపలికీ బయటికీ ఆడిస్తూ పాకింది. రెండూ ఒకటేనా మేడమ్?

జువాలజీ_మేడమ్ (విశాఖపట్నం)

ఒకటి కాదమ్మా. అసలు ఒకే జాతివి కూడా కావు. మీరు చాలా బాగా చూశారు, నా విద్యార్థులు చాలామంది మొదటిసారి ఇంత శ్రద్ధగా రాయలేదు.

లివర్ మీదది గుండ్రటి పురుగు, అనిసాకిడ్ అనే కుటుంబానికి చెందినది. చుట్ట చుట్టుకుని పొర కింద పడుకోవడం, రెండు సెంటీమీటర్ల పొడవు, నున్నటి ఒళ్లు, అన్నీ దానికి సరిపోతున్నాయి. ఇది ఇంకా పిల్ల పురుగే, లార్వా. ఈ కుటుంబంలో అనిసాకిస్ అనేది పెద్దదై గుడ్లు పెట్టేది తిమింగలాల్లో, డాల్ఫిన్లలో. వాటి పేడతో గుడ్లు సముద్రంలో కలుస్తాయి, రొయ్య జాతి చిన్న జీవులు లార్వాను మింగుతాయి, వాటిని చేపలూ కలమారీలూ తింటాయి, చిన్న చేపను పెద్ద చేప తింటుంది. కోనాం, సావిడి లాంటివి జీవితమంతా ఇతర చేపల్ని వేటాడి బతుకుతాయి కాబట్టి వాటి ఒంట్లో ఇవి పోగవుతూ ఉంటాయి. మన బంగాళాఖాతంలో డాల్ఫిన్లు ఉన్నాయి, కాబట్టి ఈ చక్రం ఇక్కడా నడుస్తుంది. వెచ్చటి సముద్రాల్లో బాగా కనిపించేది అనిసాకిస్ టిపికా.

అయితే మీది అనిసాకిసేనని నేను ఇక్కడి నుంచి తేల్చి చెప్పను. మీరు చూసిన ఆ చిక్కటి తెలుపు చోటే గుర్తుపట్టడానికి తాళంచెవి. ఆహారనాళం అయిపోయి పేగు మొదలయ్యే చోట ఉండే చిన్న భాగం అది. పురుగును గ్లిజరిన్‌లో నానబెట్టి పారదర్శకంగా చేసి మామూలు కాలేజీ మైక్రోస్కోపు కింద పెడితే తెలుస్తుంది. ఆ చోట పక్క సంచులేమీ లేకుండా సూటిగా ఉంటే అనిసాకిస్. పేగు నుంచి ఒక సంచి ముందుకు పొడుచుకొస్తే సూడోటెర్రనోవా. ముందుకొకటి, వెనక్కొకటి రెండు సంచులుంటే కాంట్రాసీకం లేదా హిస్టెరోథైలాసియం. హిస్టెరోథైలాసియం చేపలోనే పెద్దదవుతుంది, మనిషికి దాని వల్ల జబ్బు రావడం బహు అరుదు. చూడటానికి మాత్రం అన్నీ అన్నదమ్ముల్లాగే ఉంటాయి. లోపల ఏ జాతో కచ్చితంగా కావాలంటే డీఎన్‌ఏ పరీక్షే. వంటకు ఆ తేడా అక్కర్లేదు. అనిసాకిసే అనుకుని జాగ్రత్త పడితే చాలు.

కండలోది బద్దెపురుగు జాతి లార్వా. ట్రిపనోరింక్ అంటారు. తోక ఉన్న సంచి, లోపల చదునైన జీవి, తల ముందుకూ వెనక్కూ ఆడించడం, ఈ మూడూ కలిస్తే ఇక అనుమానం అక్కర్లేదు. లెన్స్ కింద చూస్తే తల నుంచి నాలుగు సన్నటి కొమ్ములు బయటికొస్తాయి, వాటి నిండా కొక్కేలుంటాయి. ఆ కొక్కేలు సొర చేప పేగును, టేకు చేప పేగును పట్టుకోవడానికి. అది పెద్దదయ్యేది వాటిలోనే, మనిషిలో బతకదు. తినేవాళ్లకు చూడటానికి బాగోకపోవడమే తప్ప ప్రమాదం లేదు. మార్కెట్లో చేపలు కోసే అమ్మాయికి కూడా చెప్తున్నాను: కొనేవాళ్లు భయపడితే ఈ మాట ధైర్యంగా చెప్పమ్మా.

బొంత జనలోని ఎర్రటివి ఫిలోమెట్రా. అవి ఆడ పురుగులు, చేప రక్తం తాగుతాయి, అందుకే ఆ రంగు. ఒక్కోటి జానెడు పొడవుంటుంది. చూడటానికి అన్నిటికంటే భయంకరంగా ఉండేది ఇదే, కానీ తినేవాడి కడుపులో బతకదు. జనలోని గుడ్లను మాత్రం పాడుచేస్తుంది, అందుకే ఆ జన పారేయడమే మంచిది. చేప కండకు ఏమీ కాదు.

ఇక వండటం. ముక్క మధ్య దాకా 60 డిగ్రీల సెల్సియస్ వేడి ఒక నిమిషం తగిలితే అనిసాకిస్ చస్తుంది. మన పులుసు మరిగేది 100 దగ్గర. వేపుడులో మందపాటి ముక్క లోపల పచ్చిగా ఉండకుండా చూసుకోండి, అంతే. మీ అత్తగారి మాట సరైనదే. లివర్ పారేయండి, పొట్ట కింది పల్చటి కండ తీసేయండి, మిగతాది నిశ్చింతగా వండుకోండి.

ఇంకొకటి, చేప తేగానే పొట్ట తీసేయాలి. చేప చచ్చాక, ముఖ్యంగా కొవ్వున్న చేపల్లో, పొట్టలోని లార్వాలు కొన్ని కండలోకి దూరతాయి. ఈసారి ఎంత రద్దీ ఉన్నా అక్కడే కోయించుకుని రమ్మని మీవారికి చెప్పండి.

బోస్టన్_గోదారి

మేడమ్, నేను కాకినాడ నుంచి వచ్చి ఇక్కడ బోస్టన్ దగ్గర ఉంటున్నాను. ఇక్కడ కాడ్ చేప ఫిల్లేలు (ముళ్లు తీసిన కండ పలకలు) కొంటాం. మొన్న ఒక దాంట్లో ముదురు గోధుమరంగు పురుగు కండ మధ్యలో కనిపించింది, మీరు చెప్పిన తెల్లదానికంటే లావుగా ఉంది. దుకాణంలో అడిగితే ఫిల్లే మార్చి ఇచ్చారు, పేరు మాత్రం చెప్పలేదు. ఇంకో ప్రశ్న: ఆఫీసువాళ్లతో సుషీకి వెళ్తుంటాను. పచ్చి చేపే కదా, దాంట్లో ఇవి ఉండవా? ఇంట్లో చేసుకోవాలని కూడా ఉంది.

జువాలజీ_మేడమ్ (విశాఖపట్నం)

మీరు చూసింది దాదాపుగా సూడోటెర్రనోవా. గోధుమరంగు, మూడు నాలుగు సెంటీమీటర్ల పొడవు, కండలో ఉండటం దాని గుర్తులు. ఇది పెద్దదయ్యేది సీల్ జంతువుల్లో. మీ వైపు తీరంలో సీల్స్ బాగా ఉన్నాయి కాబట్టి కాడ్‌లో వస్తుంది. అక్కడి ఫ్యాక్టరీల్లో ఫిల్లేను కింద నుంచి లైటు వెలిగే బల్ల మీద పరిచి, నీడగా కనిపించిన పురుగును చేత్తో తీసేస్తారు. పల్చటి తెల్ల కండలో ఇది బాగా పనిచేస్తుంది, మందపాటి కండలో, ముదురు రంగు కండలో కొన్ని తప్పించుకుంటాయి. పరిశోధనకు ఇంకో పద్ధతి ఉంది. ఫిల్లేను నొక్కి పల్చన చేసి, గడ్డకట్టించి, 366 నానోమీటర్ల అతినీలలోహిత కాంతి కింద పెడితే చచ్చిన లార్వాలు మెరుస్తాయి.

సుషీ గురించి జాగ్రత్తగా వినండి, జబ్బు వచ్చేది ఇక్కడే. మనిషి కడుపునొప్పికీ ఈ పురుగుకీ ఉన్న సంబంధాన్ని 1960లో నెదర్లాండ్స్‌లో వాన్ థీల్ బృందం బయటపెట్టింది. అక్కడివాళ్లు కొంచెం ఉప్పు పట్టించిన హెర్రింగ్ చేపను పచ్చిగానే తింటారు. 1968లో హెర్రింగ్‌ను ముందు గడ్డకట్టించి తీరాలని అక్కడ చట్టం తెచ్చారు. ఇప్పుడు అమెరికాలో ఎఫ్‌డీఏ (ఆహారం, మందుల మీద నిఘా పెట్టే ప్రభుత్వ సంస్థ) చెప్పే లెక్క: మైనస్ 20 డిగ్రీల దగ్గర ఏడు రోజులు, లేదా మైనస్ 35 దగ్గర గడ్డకట్టించి అక్కడే 15 గంటలు. పద్ధతిగా నడిపే సుషీ హోటళ్లు ఇలా చేసిన చేపనే వాడతాయి. ట్యూనాలో కొన్ని రకాలకూ, గుళికల మేత తిని పెరిగిన సాల్మన్‌కూ మినహాయింపు ఉంది. పెంపకం సాల్మన్ సముద్రంలోని చిన్న జీవుల్ని వేటాడి తినదు కాబట్టి లార్వా దాకా చక్రం చేరదు. పసిఫిక్‌లో పట్టిన అడవి సాల్మన్ అలా కాదు, దాంట్లో అనిసాకిస్ బాగా ఉంటుంది.

ఇంటి ఫ్రిజ్ ఫ్రీజర్‌ను నమ్మి పచ్చి చేప తినకండి. తలుపు తీస్తూ వేస్తూ ఉంటే మైనస్ 20 నిలవదు. నిమ్మరసం, వెనిగర్, మిరియాలు, వాసాబి, ఇవేవీ కొన్ని గంటల్లో ఈ లార్వాను చంపలేవు. దాని పైతోలు గట్టిది, మన కడుపులోని ఆమ్లాన్నే తట్టుకుంటుంది. పచ్చి చేప తిన్న కొన్ని గంటల్లో పై పొట్టలో భరించలేని నొప్పి, వాంతులు వస్తే ఆస్పత్రికి వెళ్లి 'పచ్చి చేప తిన్నాను' అన్న మాట ముందు చెప్పాలి. ఎండోస్కోపీతో పురుగును పట్టి తీసేస్తే చాలాసార్లు నొప్పి వెంటనే తగ్గుతుంది. ఆ ఒక్క మాట చెప్పకపోతే గ్యాస్ అనో అల్సర్ అనో పొరపడే ప్రమాదం ఉంది.

విశాఖలో, హైదరాబాద్‌లో ఈ మధ్య కుర్రాళ్లు ఇంట్లో సుషీ చేస్తున్నారని వింటున్నాను. హార్బర్లో కొన్న కోనాంతోనో ట్యూనాతోనో దయచేసి చేయకండి. మన బోట్లలో చేప లోపలి భాగాలు తీయకుండానే రోజుల తరబడి ఐసులో ఉంటుంది. ఐసు పురుగును చంపదు, నిద్రపుచ్చుతుంది. ఈ పులుసు_ప్రియ గారి గిన్నెలో అది లేచి మెలికలు తిరిగింది చూశారు కదా.

సముద్రపు_గాలి (మచిలీపట్నం)

మేడమ్, మా తమ్ముడికి సముద్రం చేప తింటే ఒక్కోసారి ఒళ్లంతా దద్దుర్లు వస్తాయి, ఒక్కోసారి ఏమీ కాదు. బాగా ఉడికించిన పులుసే తింటాడు. చేప పడదని వదిలేశాం. దీనికీ ఆ పురుగులకీ సంబంధం ఉందా?

జువాలజీ_మేడమ్ (విశాఖపట్నం)

ఉండొచ్చు. అనిసాకిస్ ఒంట్లోని కొన్ని ప్రోటీన్లు వేడికి చెడవు. ఒకసారి బతికున్న పురుగు వల్ల ఒంటికి అలర్జీ పుట్టినవారిలో కొందరికి తర్వాత వండిన చేపలో చచ్చిన పురుగున్నా దద్దుర్లు రావచ్చు. 1990ల నుంచి స్పెయిన్ డాక్టర్లు దీని మీద చాలా పని చేశారు, అక్కడ వెనిగర్‌లో నానిన పచ్చి నెత్తళ్లు తినే అలవాటు ఉంది. కానీ మీ తమ్ముడు బాగా ఉడికించిందే తింటాడంటున్నారు కాబట్టి ఇంకో కారణాన్ని ముందు చూడాలి. కానాగంత, ట్యూనా, సూర లాంటి చేపలు ఐసు లేకుండా కాసేపు ఎండలో ఉంటే వాటి కండలో హిస్టమిన్ పుడుతుంది, అది వండినా పోదు, అచ్చం అలర్జీలాగే దద్దుర్లు, తలనొప్పి తెస్తుంది. ఒక్కోసారి వచ్చి ఒక్కోసారి రాకపోవడానికి అది సరిపోతుంది. ఏ చేప తిన్నప్పుడు వచ్చింది, ఎక్కడ కొన్నారు, ఎంతసేపటికి వచ్చింది రాసుకుని అలర్జీ డాక్టర్‌కు చూపించండి. ఊపిరి ఆడకపోయినా, పెదాలు వాచినా మాత్రం ఆలస్యం చేయకుండా అత్యవసర విభాగానికి తీసుకెళ్లాలి.

పులుసు_ప్రియ (గాజువాక)

పులుసు పెట్టేశాను మేడమ్. మావారు మొదట ముట్టలేదు, మీరు రాసింది చదివి వినిపిస్తే తిన్నారు. ఆ రెండు పురుగుల్నీ చిన్న సీసాలో సర్జికల్ స్పిరిట్ పోసి ఉంచాను. మా ఆడపడుచు కూతురు బీఎస్సీ చదువుతోంది, కాలేజీకి తీసుకెళ్తానంటోంది. చివరగా ఒక్కటి: తీసేసిన లివర్, పేగులు మా వీధి పిల్లికి వేయొచ్చా?

జువాలజీ_మేడమ్ (విశాఖపట్నం)

స్పిరిట్ మంచి పని. ఫార్మలిన్ మాత్రం పోయకండి, డీఎన్‌ఏ పరీక్షకు పనికిరాకుండా పోతుంది. సీసాలో పెన్సిల్‌తో రాసిన చీటీ వేయండి: కోనాం, విశాఖ హార్బర్, తేదీ, ఒకటి లివర్ మీద, ఒకటి వెన్ను కండలో. పెన్ను ఇంకు స్పిరిట్‌లో కరిగిపోతుంది. చీటీ లేని పురుగు ల్యాబ్‌కి ఎందుకూ పనికిరాదు. రెండిటినీ వేరువేరు సీసాల్లో పెడితే ఇంకా మంచిది.

పిల్లికి పచ్చిగా వేయొద్దు, ఉడకబెట్టి వేయండి. కత్తిపీట అమ్మాయికీ ఒక మాట. మార్కెట్లో తీసిన పేగుల్ని నీళ్లలోకి విసరకుండా చెత్తలోనో ఎరువు గుంతలోనో వేయించగలిగితే చూడమ్మా. బతికున్న లార్వాలు ఆ పేగుల్లోనే ఉంటాయి, వాటిని తిన్న చేపకు మళ్లీ ఎక్కుతాయి. బోట్ల వాళ్లకు కూడా చెప్పు, మీ మాటైతే వాళ్లు వింటారు.

కత్తిపీట (భీమిలి)

చెప్తాను మేడమ్. మా దగ్గర పేగులకి డబ్బా ఉంది కానీ నిండితే గట్టు కిందకే పోతుంది. రేపు అమ్మతో మాట్లాడి ఇంకో డబ్బా పెట్టిస్తాను. బొంత జనలో ఎర్రటివి ఈసారి కనిపిస్తే స్పిరిట్‌లో వేసి చీటీ పెట్టి ఉంచుతాను, మీకు కావాలంటే చెప్పండి.